గులాబీ మేత

బేరిగై రోడ్డులో తిమ్మరాజు గ్యాసు ట్యాంకు చూడనివాళ్లు ఎవరూ లేరు. చూడకుండా పోనిస్తే కదా! దారిన పోయేవాణ్ణి ఆపి, బండికి స్టాండు వేయించి, చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయి మరీ చూపించేవాడు. మండీలో మిగిలిన క్యాబేజీ ఆకులు, పగిలిన టమోటాలు, అరటి బోదెలు, అనపకాయ తొక్కలు, రాగి పొట్టు, వాటికి తోడు పేడ. అన్నీ కోత మిషన్‌లో పడి పచ్చడై, నీళ్లలో కలిసి, భూమిలోకి సగం దిగిన ట్యాంకులోకి పోయేవి. అక్కడ మురిగి పుట్టిన గ్యాసు పైనున్న రబ్బరు బుడగలో నిండేది. ఆ గ్యాసుతోనే రోడ్డు పక్క పది హోటళ్ల పొయ్యిలు మండేవి. మిగిలిన పేడనీళ్లు తిరిగి తోటలకే పోయేవి.

తిమ్మరాజు యాభై దాటినవాడు. తాతల కాలం నుంచీ సేద్యమూ, మండీ వ్యాపారమూ. మాట్లాడటమంటే మహా ఇష్టం. మైకు దొరికితే వదిలే రకం కాదు. డెంకణికోటలో రైతుల మీటింగు పెడితే అరగంట మాట్లాడి, చివర్లో వేలెత్తి చెప్పి వచ్చాడు: "చెత్త ఏదైనా తెండప్పా, తీసుకుంటాను. మందు కొట్టింది మాత్రం నా గేటు దాటి లోపలికి రాకూడదు." జనం చప్పట్లు కొట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గదిలో గోడ మీద ఉంది.

ట్యాంకు తిమ్మరాజుదే గాని, దాని కడుపు మారప్పది. మారప్ప గొర్రెల కాపరి. అరవై గొర్రెలతో కొండలూ బీళ్లూ తిరిగే మనిషిని, "ఎన్నాళ్లు తిరుగుతావు, నాతో వచ్చెయ్" అని తిమ్మరాజే గొర్రెలు అమ్మించి తెచ్చుకున్నాడు. ట్యాంకు కట్టిన కంపెనీవాళ్లు మీటర్లూ కాగితాలూ ఇచ్చిపోయారు. మారప్ప వాటి జోలికి పోలేదు. పొద్దున్నే ట్యాంకు గోడకు చెవి ఆనించేవాడు. బయటికొచ్చే పేడనీళ్లలో వేలు ముంచి వాసన చూసేవాడు. "ఈ పొద్దు కొంచెం మందంగా ఉందన్నా, పేడ జాస్తి వేస్తాను" అనేవాడు. గ్యాసు ఏనాడూ తగ్గలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది అతనికి. కొత్త చెత్త ఏది వచ్చినా ముందు ఒక పిడికెడు తీసుకుపోయి, పక్కనే కట్టేసిన తన ఆవు చుక్కి ముందు పెట్టేవాడు. చుక్కి తింటే సరే. మూతి తిప్పుకుంటే బండి వెనక్కి పోవాల్సిందే. "దాని కడుపూ దీని కడుపూ ఒకటేనన్నా" అనేవాడు. కంపెనీ ఇంజనీరు రేణు ఈ సంగతి విని పడీపడీ నవ్వింది. నవ్వి, ఆమె కూడా చుక్కిని అడగకుండా ఏదీ వెయ్యొద్దనే చెప్పింది.

పోయిన ఆషాఢంలో మారప్ప అక్క కబురు పంపింది. డెంకణికోట అవతల అడివంచు పల్లె వాళ్లది. పనసపండ్ల కోసం వచ్చిన ఏనుగు ఇంటి గోడ పడదోసి పోయిందట. గోడ కట్టి వస్తానని మారప్ప బయల్దేరాడు.

"మూడు పొద్దులే అన్నా. దినమూ వేసేదే వెయ్యి. కొత్తది ఏమీ వద్దు. కొత్త మేత అలవాటు అయ్యేదానికి వారం కావాల దానికి" అని గేటు దగ్గర నిలబడి రెండుసార్లు చెప్పాడు.

"నాకు చెప్పేదా నువ్వు? పో, బస్సు పోతుంది" అని తిమ్మరాజు నవ్వి పంపాడు.

ఆ శుక్రవారమే ఒక పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్‌వాళ్లు చూడటానికి వస్తున్నారు. రోజుకు రెండు వేల మందికి వంట. వాళ్లు ఒప్పుకుంటే రెండో ట్యాంకు కట్టవచ్చు. బుడగ నిండుగా, గుమ్మటంలా కనిపించాలని తిమ్మరాజుకు ఆశ. ఆశ పడటంలో తప్పు లేదు. కానీ ఆ వారం మండీలో చెత్త తక్కువగా వచ్చింది.

బుధవారం బేరిగై నుంచి వస్తూ ఆయన పూలు పండించే నాగేశప్ప పాలీహౌస్ ముందు గుట్టలుగా పోసిన గులాబీలు చూశాడు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, పూలు అడిగే దిక్కు లేదు. విచ్చుకోని మొగ్గలు, ఎర్రవీ పసుపువీ, కట్టలు కట్టినవి కట్టినట్టే కాలవ గట్టు మీద పడి ఉన్నాయి.

"తీసుకపోన్నా, నాకు జాగా ఖాళీ అవుతుంది. ట్రాక్టరు కూడా నాదే ఇస్తాను" అన్నాడు నాగేశప్ప.

తిమ్మరాజు ఒక కట్ట ఎత్తి చూశాడు. ఆకుల మీద తెల్లటి పొడి. వేళ్లకు అంటుకుంది. వేళ్లు పంచెకు తుడుచుకున్నాడు. తెలియక చేశాడని ఎవరైనా అంటే ఈ కథ చెప్పే నేను ఒప్పుకోను. ఆ పొడి ఏమిటో ఆయనకు తెలుసు. దాని గురించే కదా మైకులో వేలెత్తి చెప్పింది! అయినా ఒక్క ట్రాక్టరే కదా అనుకున్నాడు. పేడనీళ్లలో కలిసిపోతుందిలే అనుకున్నాడు.

ట్రాక్టరు వచ్చి గులాబీలు కోత మిషన్ ముందు పోసిపోయింది. చుక్కి పది అడుగుల దూరంలో నెమరు వేస్తూ నిలబడి ఉంది. ఒక కట్ట తీసుకుపోయి దాని ముందు పెట్టడానికి పది అడుగులు. ఆ పది అడుగులు తిమ్మరాజు వెయ్యలేదు. వేస్తే అది మూతి తిప్పుకుంటుందని తెలుసు గనకే వెయ్యలేదు. కట్టలన్నీ మిషన్‌లోకి తోశాడు.

మర్నాటికి బుడగ ఉబ్బింది. ఎప్పుడూ లేనంతగా ఉబ్బింది. తిమ్మరాజు దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి మీసం దువ్వుకున్నాడు. శుక్రవారం క్యాంటీన్‌వాళ్లు ముగ్గురు కారు దిగారు. వాళ్లకు కాఫీ ఇచ్చి, చెప్పాల్సినవన్నీ చెప్పి, పెద్ద పొయ్యి దగ్గరికి తీసుకుపోయాడు. గొట్టం మీట తిప్పి అగ్గిపుల్ల గీశాడు. మంట నీలంగా లేచింది, ఊగింది, ఆరిపోయింది. మళ్లీ గీశాడు. మళ్లీ ఆరిపోయింది. అగ్గిపెట్టె సగం అయిపోయాక వాళ్లలో పెద్దాయన గడియారం చూసుకుని, "ఇంకోసారి వస్తాంలెండి" అన్నాడు. బుడగలో నిండింది మండే గ్యాసు కాదు, మండని గాలి. తిమ్మరాజుకు తల కొట్టేసినట్టయింది.

శనివారం పొద్దున రేణు క్రిష్ణగిరి నుంచి వచ్చింది. మూత తీస్తే పుల్లటి కంపు ముక్కు పగలగొట్టింది. ఆమె కాగితం ముక్క ముంచి రంగు చూసి తల ఆడించింది.

"చచ్చిపోయింది సార్. లోపల గ్యాసు చేసే, కంటికి కనిపించని పురుగు మొత్తం పోయింది. అంతా తోడేసి, కడిగి, కొత్త పేడతో మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నాలుగు రోజుల్లో లోపలికి ఏం పోయింది?"

"ఎప్పుడూ వేసేదేనమ్మా" అన్నాడు తిమ్మరాజు. మందు కొట్టిన చెత్త వేస్తే రిపేరు తమ బాధ్యత కాదని కంపెనీ కాగితంలో ఉంది. గోడ మీద ఫోటో ఉంది. రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి ఆయనకు.

అప్పుడే మారప్ప వచ్చాడు. ఫోనులో సంగతి విని మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు, కాళ్లకు గోడ మట్టి అలాగే ఉంది. నేరుగా వచ్చి పేడనీళ్లలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మెల్లగా నేల మీద చతికిలపడ్డాడు.

"నేనే చంపేసినానమ్మా" అన్నాడు రేణుతో. "ఊరికి పోయేదానికి ముందు మా వీధి మారెమ్మ పండగలో అంబలి మిగిలింది. రెండు డ్రమ్ములు. పారబోసేదానికి మనసు ఒప్పలేదు. చుక్కికి పెట్టినాను, గటగటా తాగేసింది. సరే అని దీంట్లో పోసినాను. అమ్మవారి అంబలి తెచ్చి పేడ గుంతలో పోస్తినే, నా బుద్ధి ఎట్ల గడ్డి తినిందో! ఆయమ్మ ఊరుకుంటుందా?"

రేణు నొసలు చిట్లించింది. "రెండు డ్రమ్ములకే ఇంత పెద్ద ట్యాంకు పడిపోదే..."

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సందు తిమ్మరాజుకు మళ్లీ దొరకదు. నోరు తెరిచాడు కూడా.

"బాగా పులిసిన అంబలి మేడం. ఎండలో ఉండింది మూడు దినాలు" అన్నాడు.

ఆ అంబలిని ఆయన కళ్లతో చూడనే లేదు. రేణు ఒక్క క్షణం ఆయన వైపు చూసి, కాగితం మీద అదే రాసుకుంది. మారప్ప రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మారప్ప వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉంది. పశువుకు తప్పు మేత పెట్టి చంపినవాడు ఏడాది దాకా మేత ముట్టకూడదు. గడ్డిపోచ కూడా చేత పట్టకూడదు. వాళ్ల పెదనాన్న ఒకాయన జొన్న పిలకలు మేపి ఎద్దును పోగొట్టుకుని ఏడాదంతా రాళ్లు కొట్టి బతికాడట. మారప్పకు ట్యాంకు పశువు కాదంటే అర్థం కాలేదు. ఆదివారం మారెమ్మ గుడి ముందు పసుపునీళ్లతో చేతులు కడుక్కుని, ఏడాది మేత ముట్టనని మొక్కుకున్నాడు.

తిమ్మరాజు అక్కడే, జనంలో నిలబడి చూశాడు. ఆ పూటన్నా చెప్పి ఉండాల్సింది. ఇంత మందిలో ఎట్లా అనుకున్నాడు. రేపు ఒంటరిగా పిలిచి చెబుదామనుకున్నాడు. రేపు అనేది ఎంత పొడుగో తిమ్మరాజును అడగాలి.

మేత ముట్టనివాడికి ట్యాంకు దగ్గర పనేముంది? మారప్ప తాళంచెవి తెచ్చి ఇచ్చాడు. "వద్దప్పా, ఉండు" అని తిమ్మరాజు బతిమాలాడు. "నువ్వు మంచోడివన్నా, ఒక్క మాట కూడా అనలేదు నన్ను. నాకే మొహం చెల్లలేదు" అని వెళ్లిపోయాడు. ఆ 'మంచోడివన్నా' అన్న మాట తిమ్మరాజును వదల్లేదు. ఇక్కడ ఒకటి చెప్పాలి. తిమ్మరాజు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నెల తిరక్కుండా మరిచిపోయి హాయిగా ఉండేవాడు.

ట్యాంకు కోలుకుంది. తోడి, కడిగి, రెండు లారీల పేడ పోస్తే కార్తీకానికల్లా మళ్లీ నీలం మంట వచ్చింది. కొత్తగా వచ్చిన మోహన్‌రాజ్ చేతులకు గ్లౌజులు వేసుకుని మీటరు చూసి పనిచేస్తాడు. బాగానే చేస్తాడు. గోడకు చెవి మాత్రం ఆనించడు.

మాఘంలో క్యాంటీన్‌వాళ్లు మళ్లీ పిలిచారు. తిమ్మరాజు హోసూరులో ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర కారు ఆపాడు. నీలం యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ మనిషి పరుగున వచ్చి సెల్యూట్ కొట్టాడు. చొక్కా వదులు, బెల్టుకు చివరి బొక్క దాటి ఇంకో బొక్క పొడుచుకున్నాడు. మారప్ప.

"నువ్వు ఈడున్నావా?" అన్నాడు తిమ్మరాజు.

"ఆరు నెలలాయెనన్నా. నీడలోనే పని, బాగుంది. ఈడ సంతకం చెయ్యి" అని పుస్తకం అందించాడు. తిమ్మరాజు సంతకం చేస్తుంటే గొంతు తగ్గించి అడిగాడు. "దాని కడుపు ఎట్లుందన్నా ఇప్పుడు?"

"బాగుందప్పా."

"పొద్దున్నే బుడబుడ అంటా ఉందా?"

"ఉంది."

"సాలు. ఒకసారి వచ్చి చూసిపోదామా అని ఉంటుంది. మళ్లా నా కన్ను పడి దానికేమన్నా అయితే? అందుకే రాను."

క్యాంటీన్‌వాళ్లు ఒప్పుకున్నారు. కాగితాల మీద సంతకాలైనాయి. బయటికి వస్తుంటే మారప్ప ఆయన మొహం చూసే కనిపెట్టి, "ఒప్పుకున్నారా? మంచిదాయె!" అని తన పనే అయినట్టు సంబరపడ్డాడు. తిమ్మరాజు కారును రోడ్డు పక్కకు తీసి, కాసేపు స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఇంక ఆగితే మనిషిని కానని అనిపించింది ఆయనకు.

ఆదివారం పొద్దున మారప్ప ఇంటికి పోయాడు. రాత్రిపూట చుక్కిని కట్టే కొట్టంలో ఇప్పుడు నులక మంచం వేసి ఉంది. మేత వేసే గాటి నిండా పాత చెప్పులు, ఖాళీ సీసాలు. మారప్ప భార్య కెంపమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి, మంచం మీద దుప్పటి దులిపి కూర్చోబెట్టింది.

"ఆవు యాడమ్మా?" అన్నాడు తిమ్మరాజు.

"అమ్మేసినామన్నా, కార్తీకంలో. ఈయన మేత ముట్టడు, గేటు కాడికి పోతాడు. నాకు ఈ మోకాళ్లతో గడ్డి కోసేదానికి కాదు. సూలుతో ఉండింది అప్పుడు" అని కెంపమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

మారప్ప ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తిమ్మరాజు దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఆ గాటిని చూసేసరికి చెదిరిపోయాయి.

"మారప్పా, ట్యాంకు చెడింది నీ అంబలితో కాదు" అన్నాడు. "నువ్వు ఊర్లో లేనప్పుడు నేను నాగేశప్ప గులాబీలు వేసినాను. మందు కొట్టినవి. ట్రాక్టరు నిండా."

మారప్ప రెప్ప వెయ్యకుండా చూశాడు. "నువ్వా?"

"నేనే."

"అయితే... అంబలి కాదా? ఆయమ్మ కోపం కాదా?"

"కాదప్పా. నీ తప్పు ఇంత కూడా లేదు."

తిడతాడనుకున్నాడు తిమ్మరాజు. కాలర్ పట్టుకుంటే బాగుండుననుకున్నాడు. పట్టుకుంటే తల వంచడానికి సిద్ధంగానే వచ్చాడు. మారప్ప తన కుడిచేయి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "కెంపీ!" అని కేక పెట్టాడు. "నా చేయి కాదంట! వింటివా? నా చేయి కాదంట!" లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి కొట్టంలోకి పరుగెత్తాడు. గోడ అవతల గడ్డివామి లోంచి గడ్డి దూస్తున్న చప్పుడు వినిపించింది. పక్కింటివాళ్ల బర్రెతో ఏదో ముద్దుగా మాట్లాడుతున్నాడు.

కెంపమ్మ కాఫీ గ్లాసుతో గడపలో నిలబడి ఉంది. అంతా విన్నది. గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"ఎప్పుడు తెలిసిందన్నా నీకు?"

అబద్ధం ఆడటానికి తిమ్మరాజుకు ఇంక ఓపిక లేదు. "ఆ పొద్దే తెలుసమ్మా."

"గుడి ముందర ఈయన మొక్కుకునేటప్పుడూ తెలుసా?"

"తెలుసు."

"చుక్కిని తోలుకుపోయేటప్పుడు?"

తిమ్మరాజు తల ఎత్తలేదు. కెంపమ్మ ఏడవలేదు, అరవలేదు. పక్కింటి వైపు ఒకసారి చూసి, దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఈ మాట ఆయనకు చెప్పొద్దన్నా."

"చెప్పేదానికే వచ్చినానమ్మా. చెప్పకపోతే నాకు..."

"నీకు బరువు దిగుతుంది. ఆయనకో?" అంది కెంపమ్మ. "గొర్రెలు పోయె, ఆవు పోయె. లోకంలో నమ్మేది నిన్నొక్కణ్ణే. అది కూడా పీకేసి పోతావా? నిన్న తెలిసిందని చెప్పు. మోసేది నువ్వే మొయ్యి."

క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి అడిగే దారి కూడా మూసుకుపోయింది. ఆ ముసిరిన దుఃఖంలో కూడా కెంపమ్మ చెప్పింది న్యాయమేనని ఆయనకు తోచింది.

మారప్ప తిరిగి వచ్చాడు. చొక్కా నిండా గడ్డిపరకలు, మొహమంతా వెలుగు. వచ్చి తిమ్మరాజు కాళ్ల దగ్గరే కూర్చున్నాడు.

"ఎట్ల తెలిసిందన్నా? ఎవరు చెప్పినారు?"

కెంపమ్మ ఆయన వైపే చూస్తోంది.

"రేణు మేడం చెప్పింది" అన్నాడు తిమ్మరాజు. "నిన్న."

మారప్ప భార్య వైపు తిరిగాడు. "చూస్తివా కెంపీ? ఇంకొకరైతే తెలిసినా గమ్మునుండిపోతారు. అన్నను చూడు. నిన్న తెలిసింది, ఈ పొద్దు తెల్లారేసరికి ఇంటికి వచ్చి చెప్పినాడు."